ఎడారి పారిశ్రామికవాడల్లో నీడ, నీరు: వాతావరణ మార్పును తట్టుకొనే భూదృశ్య రూపకల్పన

వ్యాససంగ్రహం

ఉష్ణ ఎడారి ప్రాంతాల్లోని పారిశ్రామికవాడల్లో చెట్లు, పచ్చిక, నడకదారులు, నీటి కాలువలు, ఖాళీ స్థలాలు కలిసి ఏర్పడే పరిసరాన్ని ఒక పద్ధతి ప్రకారం తీర్చిదిద్దడమే భూదృశ్య రూపకల్పన. దీనిని చాలాకాలం అలంకరణగానే చూడటం జరిగింది. సౌదీ అరేబియాలోని జుబైల్, యాన్బూ పారిశ్రామిక నగరాల నేపథ్యంలో, అక్కడ ఆరుబయట పనిచేసే శ్రామికుని శరీరాన్ని కేంద్రంగా చేసుకొని ఈ రూపకల్పనను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఎండ తీవ్రతను కొలిచే పద్ధతి, నీడ పడే తీరు, నీటి లెక్క, చౌడు నేల స్వభావం, చెట్ల ఎంపిక, అగ్నిభద్రత, ఆకస్మిక వర్షాలు అనే అంశాలను వరుసగా వివరించి, ఎడారి భూదృశ్యం విలువను పచ్చదనపు వైశాల్యంతో కాక, ఖర్చైన నీటికి దక్కిన నీడతో కొలవాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఎడారి, పారిశ్రామికవాడ, భూదృశ్య రూపకల్పన, నీడ, శుద్ధిచేసిన నీరు, చౌడు నేల, జమ్మి, గల్ఫ్ శ్రామికులు.

1. ఉపోద్ఘాతం

కువైట్‌లోని మిత్రిబాలో 2016 జూలై 21న 53.9 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత నమోదైంది. ప్రపంచ వాతావరణ సంస్థ పరిశీలించి ఆమోదించిన అత్యధిక ఉష్ణోగ్రతల్లో ఇది ఒకటి. ఇటువంటి వాతావరణం ఉన్న అరేబియా ద్వీపకల్పంలోనే ప్రపంచంలోని పెద్ద చమురుశుద్ధి కేంద్రాలు, పెట్రోరసాయన కర్మాగారాలు, ఉక్కు, అల్యూమినియం పరిశ్రమలు వెలిశాయి. వాటి నిర్మాణంలో, నిర్వహణలో దక్షిణాసియా శ్రామికుల చెమట ఉంది. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల నుండి, కడప, గోదావరి జిల్లాల నుండి వలసవెళ్లిన తెలుగువారు వారిలో గణనీయంగా ఉన్నారు. కనుక ఎడారి పారిశ్రామికవాడలో ఒక చెట్టును ఎక్కడ నాటాలి అనే ప్రశ్న తెలుగు పాఠకునికి దూరపు ప్రశ్న కాదు.

పరిశ్రమ ముఖద్వారం వద్ద పచ్చిక పరచి, రహదారికి ఇరువైపులా ఖర్జూరపు చెట్లు వరుసగా నిలిపి, కూడలిలో పూలమొక్కలు పెంచడం ఎడారి దేశాల్లో అలవాటైన పద్ధతి. చూపరులకు ఇది ఆహ్లాదకరంగానే ఉంటుంది. అయితే బస్సు దిగిన శ్రామికుడు కర్మాగారం గేటు దాకా నడిచే దారిలో నీడ ఉందా? మధ్యాహ్న విరామంలో కూర్చొనే చోటు ఎలా ఉంది? ఆ పచ్చికకు పోసే నీరు ఎక్కడినుండి వస్తుంది? ఈ ప్రశ్నలకు సమాధానం చెప్పలేని పచ్చదనం ఎంత విశాలమైనదైనా, వాతావరణ మార్పును తట్టుకొనే రూపకల్పన అనిపించుకోదు.

2. జుబైల్, యాన్బూ: నిర్మాణ నేపథ్యం

చమురుతోపాటు వెలువడే సహజవాయువును వృథాగా మండించివేయకుండా పరిశ్రమలకు ముడిసరుకుగా వాడాలని 1970ల్లో సౌదీ ప్రభుత్వం సంకల్పించింది. ఆ ప్రణాళికలో భాగంగా జుబైల్, యాన్బూ నగరాల నిర్మాణానికి 1975లో ఒక రాయల్ కమిషన్ ఏర్పడింది. జుబైల్ అరేబియా గల్ఫ్ తీరాన, దమ్మామ్‌కు ఉత్తరాన ఉంది. యాన్బూ ఎర్రసముద్ర తీరాన, జెద్దాకు ఉత్తరాన ఉంది. అంతకుముందు జుబైల్ చేపలవేట, ముత్యాలసేకరణలతో జీవించిన చిన్న ఊరు.

ఈ నగరాల ప్రణాళికలో భూదృశ్య రూపకల్పనకు సంబంధించి మూడు అంశాలు గమనింపదగినవి. మొదటిది, పరిశ్రమలను, నివాసాలను వేరుచేయడం. గల్ఫ్ తీరంలో వాయవ్యం నుండి వీచే ‘షమాల్’ గాలి ప్రధానమైనది. పొగ, వాయువులు ఇళ్లమీదికి రాకుండా ఉండాలంటే నివాసాలు గాలి వచ్చే దిక్కున ఉండాలి. కర్మాగారాలు గాలి పోయే దిక్కున ఉండాలి. రెండింటి నడుమ ఖాళీ మండలం ఉండాలి. రెండవది, మురుగునీటిని శుద్ధిచేసి తోటల పెంపకానికి మళ్లించడం. మూడవది, నేలను సిద్ధంచేయడం. జుబైల్ ప్రాంతంలో అధికభాగం అరబ్బీలో ‘సబ్ఖా’ అనే ఉప్పునేల. దానిపై ఇసుక పోసి మట్టం పెంచిన తరువాతనే నిర్మాణాలు సాధ్యమయ్యాయి.

గాలి, నీరు, నేల అనే ఈ మూడింటినీ నగర ప్రణాళిక స్థాయిలో ఆలోచించిన ఉదాహరణలుగా ఈ నగరాలు ముఖ్యమైనవి. అయితే ప్రణాళిక పటంలో కనిపించే హరితమండలం వేరు, శ్రామికుని తలపై పడే నీడ వేరు. ఆ రెండవదానిని తెలుసుకోవాలంటే ముందుగా ఎండ శరీరాన్ని ఎలా బాధిస్తుందో చూడాలి.

3. ఎండను కొలిచే తీరు

ఆరుబయట పనిచేసేవారికి కలిగే ఉష్ణబాధను గాలి ఉష్ణోగ్రత ఒక్కటే తెలియజేయదు. అందుకే ‘వెట్ బల్బ్ గ్లోబ్ టెంపరేచర్’ అనే సూచికను వాడతారు. ఇందులో మూడు ఉష్ణమాపకాలు ఉంటాయి. ఒకటి తడిగుడ్డ చుట్టి గాలికి, ఎండకు వదిలినది. చెమట ఆరి శరీరం ఎంతవరకు చల్లబడగలదో ఇది సూచిస్తుంది. రెండవది నల్లని గోళంలో ఉంచినది. సూర్యుడి నుండి, వేడెక్కిన నేల, గోడల నుండి వచ్చే ఉష్ణవికిరణాన్ని ఇది పట్టుకుంటుంది. మూడవది నీడలో ఉంచిన సాధారణ ఉష్ణమాపకం. మొదటిదానికి 70 శాతం, రెండవదానికి 20 శాతం, మూడవదానికి 10 శాతం ప్రాధాన్యమిచ్చి కూడితే వచ్చే విలువే ఈ సూచిక.

ఈ సూత్రంలోనే భూదృశ్య రూపకర్తకు దారి కనిపిస్తుంది. గాలి ఉష్ణోగ్రతను చెట్లతో పెద్దగా తగ్గించలేము, పైగా సూచికలో దాని వాటా 10 శాతమే. నీడ మాత్రం నల్లగోళపు ఉష్ణోగ్రతను గణనీయంగా తగ్గిస్తుంది, తడి ఉష్ణమాపకంపై పడే ఎండను కూడా అడ్డుకుంటుంది. గాలి వీచేలా చూస్తే చెమట త్వరగా ఆరుతుంది. అంటే నీడ, గాలి అనే రెండే రూపకర్త చేతిలోని ప్రధాన సాధనాలు.

గాలిలో తేమను పెంచే పని మాత్రం తీరప్రాంతంలో వికటిస్తుంది. జుబైల్‌కు దక్షిణాన ఉన్న దహ్రాన్‌లో 2003 జూలై 8న తుషారస్థానం, అంటే గాలిలోని తేమ నీటిబిందువులుగా మారే ఉష్ణోగ్రత, 35 డిగ్రీలుగా నమోదైంది. అటువంటి గాలిలో చెమట ఆరడమే కష్టం. ఎడారి అనగానే పొడిగాలి అని భావించి ఫౌంటెన్లు, నీటితుంపరలు, విశాలమైన పచ్చికలు ఏర్పరచడం రియాద్ వంటి లోతట్టు ప్రాంతంలో కొంత చల్లదనం ఇవ్వవచ్చు. వేసవిలో ఉక్కపోసే గల్ఫ్ తీరంలో అదే పని ఉక్కను పెంచుతుంది. తీరానికి, లోతట్టుకు ఒకే నమూనా పనికిరాదు.

ఒక ఊహాత్మక లెక్కతో నీడ ప్రభావాన్ని, దాని పరిమితిని కూడా గ్రహించవచ్చు. ఉక్కగా ఉన్న ఒక మధ్యాహ్నం ఎండలో తడి ఉష్ణమాపకం 32, గోళం 50, గాలి 40 డిగ్రీలు చూపాయనుకుందాం. సూచిక 36.4 అవుతుంది. నీడలో తడి ఉష్ణమాపకం 31కి, గోళం 42కి తగ్గితే సూచిక 34.1 అవుతుంది. 2.3 డిగ్రీల తగ్గుదల చిన్నది కాదు. అయినా 2021లో ఖతార్ ప్రభుత్వం ఆరుబయట పని నిలిపివేయవలసిన హద్దుగా నిర్ణయించిన 32.1 డిగ్రీల కంటె అది ఇంకా ఎక్కువే.

ఈ లెక్క చెప్పే సత్యం ఒకటుంది. చెట్టు నీడ పనివేళల నియమానికి ప్రత్యామ్నాయం కాదు. సౌదీ అరేబియాలో ఏటా జూన్ 15 నుండి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12 నుండి 3 గంటల మధ్య నేరుగా ఎండలో పనిచేయించరాదనే నియమం ఉంది. యూఏఈలో అవే తేదీల్లో 12.30 నుండి 3 గంటల వరకు ఈ నిషేధం వర్తిస్తుంది. ఆ విరామం నిజమైన విశ్రాంతి కావాలంటే శ్రామికుడు దానిని గడిపే చోటు చల్లగా ఉండాలి. ఆ చోటికి చేరే దారి నీడగా ఉండాలి. భూదృశ్య రూపకల్పన చేయగల మేలు అక్కడ ఉంది.

4. నీడ పడే తీరు

జుబైల్ సుమారు 27 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉంది. జూన్ నెలాఖరున మిట్టమధ్యాహ్నం అక్కడ సూర్యుడు దాదాపు నడినెత్తిన, 86 డిగ్రీల ఎత్తున ఉంటాడు. మూడు మీటర్ల గోడ కూడా అప్పుడు జానెడు వెడల్పు నీడను మించి ఇవ్వదు. ప్రహరీలు, కంటెయినర్లు, గిడ్డంగుల గోడలు ఎంత ఎత్తున్నా ఆ వేళకు నిరుపయోగం. తలపైన కప్పులా పరచుకొన్న కొమ్మలు, లేదా పైకప్పు మాత్రమే కాపాడగలవు.

పని మళ్లీ మొదలయ్యే మూడు గంటల వేళకు పరిస్థితి మారుతుంది. సూర్యుడు పడమటికి వాలి సుమారు 45 డిగ్రీల ఎత్తుకు దిగుతాడు. అప్పుడు గోడ ఎత్తుకు దాదాపు సమానమైన నీడ తూర్పువైపు పడుతుంది. ఉత్తర దక్షిణాలుగా సాగే నడకదారికి పడమటి అంచున చెట్లు నాటితే సాయంకాలపు నీడ దారిమీద పడుతుంది. అవే చెట్లను తూర్పు అంచున నాటితే ఆ నీడ దారిని వదలి పక్క ఖాళీస్థలంలో పడుతుంది. ఖర్చు ఒకటే, ప్రయోజనం వేరు.

రహదారుల వెంట దూరదూరంగా నిలిపిన ఖర్జూరపు చెట్లు ఈ దృష్టితో చూస్తే బలహీనమైనవి. ఖర్జూరం ఎడారి సంస్కృతికి ప్రాణప్రదమైన వృక్షమే. కాని దాని నీడ ఒయాసిస్సు తోటలో చెట్లు దగ్గరదగ్గరగా ఉన్నప్పుడు ఏర్పడేది. పది మీటర్లకొకటి చొప్పున వరుసలో నిలిపితే అది స్తంభంలా కనిపిస్తుంది తప్ప గొడుగులా పనిచేయదు. ఒయాసిస్సులో ఖర్జూరం కింద పండ్లచెట్లు, వాటి కింద కూరమొక్కలు పెంచే అంతస్తుల పద్ధతి ఉంటుంది. దానిలోని సూత్రాన్ని గ్రహించకుండా చెట్టును మాత్రమే తెచ్చి నిలపడం వల్ల వచ్చిన లోపమిది.

5. నీటి లెక్క

అరేబియా ద్వీపకల్పంలో పచ్చిక ప్రమాణంతో లెక్కించే నీటి ఆవిరి ఏడాదికి సుమారు 2,000 మిల్లీమీటర్లు, కొన్నిచోట్ల అంతకు మించి ఉంటుంది. కురిసే వర్షం చాలాచోట్ల 100 మిల్లీమీటర్ల లోపే. ఈ లోటునంతా మనిషి పూడ్చాలి.

భూదృశ్యానికి నీటిని లెక్కించేటప్పుడు మొక్క స్వభావాన్ని బట్టి ఒక గుణకాన్ని వాడతారు. వేసవి పచ్చికకు దానిని 0.8గా తీసుకుంటే ఒక హెక్టారుకు ఏడాదికి 16,000 ఘనమీటర్లు, అంటే కోటీ అరవై లక్షల లీటర్ల నీరు కావాలి. తక్కువ నీరు కోరే మొక్కలకు 0.1 నుండి 0.3 వరకు గుణకం వాడటం పరిపాటి. అందులో పైహద్దైన 0.3నే తీసుకుందాం. ఎనిమిది మీటర్ల వ్యాసంతో కొమ్మలు పరచిన ఒక చెట్టు సుమారు 50 చదరపు మీటర్ల నేలకు నీడనిస్తుంది. దానికి ఏడాదికి 30 ఘనమీటర్ల నీరు సరిపోతుంది. అదే నీటితో పెంచగల పచ్చిక 19 చదరపు మీటర్లకు మించదు, ఆ పచ్చిక ఎవరికీ నీడ ఇవ్వదు.

ఎనిమిది మీటర్లకొక చెట్టు చొప్పున కిలోమీటరు దారికి 125 చెట్లు కావాలి. వాటికి ఏడాదికి 3,750 ఘనమీటర్ల నీరు. అంటే ఒక హెక్టారు పచ్చికకు పోసే నీటితో నాలుగు కిలోమీటర్లకు పైగా నీడబాటను పోషించవచ్చు. పైపుల్లో, నేలలో జరిగే నష్టాలను, ఉప్పును కడగడానికి పోసే అదనపు నీటిని రెండింటికీ కలిపినా ఈ నిష్పత్తి స్థూలంగా మారదు. ఈ వ్యాసం ప్రతిపాదించే కొలమానం ఇదే: ఒక ఘనమీటరు నీటికి మనుషులు తిరిగే చోట ఎన్ని చదరపు మీటర్ల నీడ దక్కింది?

నీటి మూలం కూడా ముఖ్యమే. సముద్రపు నీటిని పొరల ద్వారా వడపోసి మంచినీరుగా మార్చడానికి ఘనమీటరుకు సుమారు 3 నుండి 4 యూనిట్ల విద్యుత్తు ఖర్చవుతుంది. ఆ నీటిని హెక్టారు పచ్చికకు పోస్తే ఏడాదికి 48,000 నుండి 64,000 యూనిట్లు వెచ్చించినట్లే. ఆ విద్యుత్తు చమురు, వాయువుల నుండి వచ్చేదైతే, వేడిని తట్టుకోవడానికి పెంచిన పచ్చికే వేడిని పెంచే కర్బన ఉద్గారాలకు కారణమవుతుంది. అందుకే శుద్ధిచేసిన మురుగునీటిని తోటలకు మళ్లించే జుబైల్, యాన్బూల పద్ధతి ఆదర్శప్రాయం. అయితే పారిశ్రామిక వ్యర్థజలాన్ని, గృహాల మురుగునీటిని ఒకే విధంగా చూడరాదు. పరిశ్రమల నీటిలో లోహాలు, నూనెలు, లవణాలు ఉండే అవకాశం ఎక్కువ కనుక వాటికి వేరే శుద్ధి, నిరంతర పరీక్ష తప్పనిసరి.

6. చౌడు నేల

సబ్ఖా అనే మాటకు సరితూగే తెలుగుమాట వెదికితే ‘చౌడు’ దగ్గరగా నిలుస్తుంది. సబ్ఖాలో ఉప్పునీరు నేలమట్టానికి చాలా దగ్గరలో ఉంటుంది. ఎండకు పైనీరు ఆవిరవుతున్నకొద్దీ, దీపపు వత్తి నూనెను పీల్చినట్లు, నేల కింది ఉప్పునీటిని పైకి లాగుతుంది. నీరు ఆవిరై పోతుంది, ఉప్పు పైన మిగులుతుంది.

ఇటువంటి నేలలో మొక్క బతకాలంటే రెండు పనులు జరగాలి. వేళ్ల మండలానికి కింద ముతక కంకర పొర పరచి ఉప్పునీరు పైకి పాకే దారిని తెంచాలి. ఆ పైన పోసే నీటిలో కొంత భాగం వేళ్లను దాటి కిందికి దిగి ఉప్పును కడుక్కుపోవాలి. ఈ అదనపు భాగాన్ని లెక్కించే సూత్రం ప్రకారం, ఖర్జూరం నష్టం లేకుండా ఓర్చుకొనే నేల లవణీయత మీటరుకు 4 డెసిసీమెన్లు, పోసే నీటి లవణీయత 2 అయితే, సుమారు 11 శాతం నీటిని అదనంగా పోయాలి.

అయితే కిందికి దిగిన నీరు ఎక్కడికి పోతుంది? మురుగుకాలువలు లేకపోతే అది భూగర్భ నీటిమట్టాన్ని పెంచుతుంది. మట్టం పెరిగితే ఉప్పు మళ్లీ వేళ్లను చేరుతుంది, కట్టడాల పునాదుల్లోని ఉక్కు తుప్పుపడుతుంది. తోటకు ఎక్కువ నీరు పోయడం వల్ల పక్కనున్న కర్మాగారపు పునాది దెబ్బతినే స్థితి ఇది. కనుక నీటిపారుదల, మురుగునీటి పారుదల రెండూ ఒకే పటంలో రూపొందాలి.

7. చెట్ల ఎంపిక: జమ్మి నేర్పే పాఠం

గల్ఫ్ దేశాల్లో ‘ఘాఫ్’ అని పిలిచే చెట్టు మన జమ్మిచెట్టే. విరాటపర్వ కథలో పాండవులు ఆయుధాలు దాచిన చెట్టుగా, దసరానాడు పూజలందుకొనే చెట్టుగా తెలుగువారికి సుపరిచితమైన ఈ వృక్షం తెలంగాణ రాష్ట్రవృక్షం. యూఏఈ దీనిని 2008లో జాతీయవృక్షంగా ప్రకటించింది. రాజస్థాన్‌కు ‘ఖేజ్రీ’ పేరుతో రాష్ట్రవృక్షం. బహ్రెయిన్ ఎడారిలో కనుచూపుమేర నీటిజాడ లేనిచోట సుమారు నాలుగు వందల ఏళ్లుగా నిలిచిన ‘జీవవృక్షం’ కూడా ఈ జాతిదే.

జమ్మి వేళ్లు చాలా లోతుకు దిగుతాయి. నేలలో నత్రజనిని స్థిరపరుస్తుంది. నడివేసవిలోనూ ఆకు నిలుపుకుంటుంది. నీడ అవసరమైన కాలంలోనే నీడనిచ్చే గుణం దీని గొప్పదనం. దీని లోపం నిదానంగా ఎదగడం. నాటిన మొక్క దారికి గొడుగు పట్టడానికి చాలా ఏళ్లు పడుతుంది. నీటిపారుదల పద్ధతి తప్పితే మరో ప్రమాదం కూడా ఉంది. రోజూ కొద్దికొద్దిగా బొట్టునీరు పైపైన అందిస్తే వేళ్లు పైపొరలోనే తిరుగుతాయి. నీరు ఆగిన రోజున చెట్టు ఎండుతుంది, షమాల్ గాలికి కూలుతుంది. ఎడమెడంగా, ఎక్కువ నీరు ఒకేసారి లోతుకు దిగేలా ఇస్తేనే వేరు దానిని వెదుకుతూ కిందికి దిగుతుంది.

ఈ నిదానాన్ని భరించలేని చోట త్వరగా పెరిగే రెండు జాతులు వ్యాపించాయి. ఒకటి, మనం సర్కారు తుమ్మ అనే ప్రోసోపిస్ జూలిఫ్లోరా. అమెరికా ఖండం నుండి వచ్చిన ఈ చెట్టు చాలాకాలం జమ్మితో కలిసి ఒకే ప్రజాతిగా పరిగణింపబడింది. గుణంలో మాత్రం పోలిక లేదు. గల్ఫ్‌లోనూ, తెలుగు నేలమీదా ఇది హద్దులేకుండా పాకి స్థానిక మొక్కల చోటును ఆక్రమించింది. రెండవది కోనోకార్పస్. గల్ఫ్ నగరాల్లోనూ, హైదరాబాద్ రోడ్ల మధ్యలోనూ పచ్చని గోడలా పెరిగిన ఈ చెట్టు వేళ్లు నీటికోసం పైపుల్లోకి చొరబడతాయి. గుజరాత్ ప్రభుత్వం 2023లో దీనిని నాటడాన్ని నిషేధించింది. నేల కింద పైపులు, కేబుళ్లు అల్లుకొని ఉండే పారిశ్రామికవాడకు ఇది ఏమాత్రం తగదు.

జమ్మితోపాటు అరబ్బులు ‘సిద్ర్’ అనే రేగుజాతి చెట్టు, గొడుగులా పరచుకొనే ఎడారి తుమ్మలు నడకదారులకు అనువైనవి. తీరపు అంచున ఆ ప్రాంతానికి సహజమైన తెల్లమడ ఉంది. అది సముద్రపు నీటితోనే పెరుగుతుంది కనుక మంచినీటి లెక్కలోకి రాదు. అలల తాకిడి నుండి తీరాన్ని కాపాడుతుంది. ఒకే జాతిని వేలసంఖ్యలో నాటడం కంటె ఇటువంటి పలుజాతుల కలయిక చీడపీడలను, కరవును మెరుగ్గా తట్టుకుంటుంది.

8. గాలి, అగ్నిభద్రత

ఇసుకగాలిని ఆపడానికి చెట్ల వరుసలు పెంచడం ఎడారిలో అవసరమే. గాలిని పూర్తిగా అడ్డుకొనే గోడ వెనుక సుడులు లేస్తాయి. దాదాపు సగం గాలిని వడగట్టి వదిలే చెట్లవరుస మాత్రం తన ఎత్తుకు పదిరెట్ల దూరం వరకు గాలి వేగాన్ని తగ్గిస్తుంది. ఈ వరుసలు పారిశ్రామికవాడ వెలుపలి అంచున, వాయవ్యదిశలో ఉండటం మేలు. మనుషులు పనిచేసే చోటికి ఆనుకొని దట్టంగా పెంచితే ఉక్కవేళ చెమటను ఆర్చే గాలి కూడా అందదు.

పెట్రోరసాయన వాడల్లో మరో హెచ్చరికను కూడా గుర్తించాలి. ఇంగ్లండులోని బన్స్‌ఫీల్డ్ చమురు నిల్వకేంద్రంలో 2005 డిసెంబర్ 11న పెట్రోలు పొంగిపొర్లి, దాని ఆవిరి మేఘంలా వ్యాపించి పేలింది. పేలుడు అంత తీవ్రంగా ఉండటానికి కారణాలను అన్వేషించినప్పుడు, పక్కనున్న దారివెంట దట్టంగా పెరిగిన చెట్లు, పొదలు మంట వేగాన్ని పెంచాయని నిపుణులు గుర్తించారు. మంట కొమ్మల మధ్య దూరేటప్పుడు సుడులు తిరిగి వేగం పుంజుకుంటుంది. కనుక నిల్వట్యాంకుల సమీపంలో దట్టమైన కంచెమొక్కలు, పొదలు ఉండరాదు. అక్కడ కంకర పరచిన ఖాళీనేలే సరైన భూదృశ్యం. శ్రామికులకు నీడ కావలసిన చోట తెరచి ఉన్న లోహపు పైకప్పు వేయాలి. ఏ స్థలంలో చెట్టు నాటకూడదో తెలియడం కూడా ఈ రూపకల్పనలో భాగమే.

9. ఆకస్మిక వర్షం

ఎడారిలో వరద గురించి ఆలోచించడం వింతగా తోచవచ్చు. 2024 ఏప్రిల్ 16న యూఏఈలోని ఖత్మ్ అల్ షక్లాలో 24 గంటల లోపే 254.8 మిల్లీమీటర్ల వర్షం కురిసింది. 1949లో నమోదులు మొదలైన నాటినుండి ఆ దేశంలో అదే అత్యధికం. రెండేళ్లకు పైగా కురవవలసిన వాన ఒక్కరోజులో కురిసినట్లయింది.

పారిశ్రామికవాడలో తారు, కాంక్రీటు పరచిన నేల ఎక్కువ. వాననీరు ఇంకదు. అదనంగా యార్డుల్లోని నూనెమరకలను, రసాయనాలను కడుక్కొని పోతుంది. అందుకే మొదటి వాననీటిని వేరుగా నిలిపి శుద్ధిచేయాలి. తరువాతి నీరు చెట్లవరుసల వెంట తవ్విన పల్లపు కాలువల్లోకి, వాటినుండి లోతైన గుంతల్లోకి ప్రవహించాలి. సాధారణంగా పచ్చికను రోడ్డుకంటె ఎత్తున, రాతికట్టు మధ్య పెంచుతారు. అందువల్ల వాననీరు చెట్టును చేరకుండా రోడ్డుపై నిలుస్తుంది. చెట్టుపాదును రోడ్డుకంటె పల్లంగా ఉంచితే అదే నీరు వేళ్లకు చేరి నేలలోని ఉప్పును కూడా కడుగుతుంది. నడకదారి మాత్రం మెరకగా ఉండాలి.

10. కాలక్రమం, తోటపని చేసేవారి శ్రమ

చెట్టు నీడ ఇవ్వడానికి కాలం పడుతుంది, శ్రామికునికి నీడ ఈ వేసవిలోనే కావాలి. ఈ వైరుధ్యానికి పరిష్కారం దశలవారీ రూపకల్పన. మొదటి రోజునుండే బస్సుస్టాపులు, గేట్లు, భోజనశాలల దారులపై తెరలు, పైకప్పులు వేయాలి. వాటి పక్కనే చెట్లు నాటాలి. చెట్లు గొడుగులుగా ఎదిగిన చోట తెరలను తొలగించి మరోచోటికి తరలించాలి. దారివెంట కొద్ది దూరానికొకటి చల్లని తాగునీరు దొరికే నీడపట్టు ఉండాలి. వేసవిలో చలివేంద్రం పెట్టే సంప్రదాయం ఉన్న తెలుగువారికి దీని విలువను వేరుగా వివరించనక్కరలేదు.

పచ్చికను కత్తిరించేవారు, కంచెలు కొట్టేవారు, నీటిపైపులు బాగుచేసేవారు కూడా ఎండలో పనిచేసే శ్రామికులే. నిత్యం కత్తిరింపు కోరే పచ్చిక, ఆకారాలు చెక్కవలసిన పొదలు, ఋతువుకొకసారి మార్చే పూలమొక్కలు వారి ఎండపనిని పెంచుతాయి. ఇతరుల కళ్లకు చల్లదనం ఇవ్వడానికి కొందరిని ఎండలో నిలిపే తోట న్యాయమైనది కాదు. సహజంగా ఎదిగే చెట్లు, రాత్రివేళ తానే పనిచేసే నీటిపారుదల, చలికాలానికి వాయిదా వేయగల కొమ్మల కత్తిరింపు వారి భారాన్ని తగ్గిస్తాయి.

11. తెలుగు నేలకు అన్వయం

అనంతపురం ప్రాంతం ఎడారి కాదు. అక్కడి వర్షపాతం గల్ఫ్ తీరంకంటె ఎన్నో రెట్లు ఎక్కువ. అందువల్ల ఎడారి నమూనాను యథాతథంగా అక్కడ అమలుచేయడం పొరపాటు. అయితే వర్షాభావ ప్రాంతాల్లో పారిశ్రామికవాడలు వెలుస్తున్న ఈ కాలంలో పై సూత్రాల్లో కొన్ని అక్కడికీ వర్తిస్తాయి. నీటిని లెక్కించిన తరువాతనే పచ్చదనాన్ని నిర్ణయించడం, చెట్టుపాదును పల్లంగా ఉంచడం, త్వరగా పెరుగుతుందని పరాయి జాతిని నాటకపోవడం, కార్మికులు నడిచే దారినుండి రూపకల్పన ప్రారంభించడం అటువంటివి. జమ్మి రెండు నేలలకూ సొంతం కావడం యాదృచ్ఛికం కాదు. కరవును ఓర్చుకొనే గుణమే దానిని ఇక్కడా అక్కడా నిలిపింది.

12. ముగింపు

జుబైల్, యాన్బూ నగరాల అనుభవం గాలి, నీరు, నేలలను ఆదినుండి ప్రణాళికలో చేర్చడం ఎంత అవసరమో తెలుపుతుంది. ఆ ప్రణాళిక పరిపూర్ణం కావాలంటే దాని మధ్యలో నడిచే మనిషిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. హరితవైశాల్యం ఎన్ని హెక్టార్లు అనే ప్రశ్న ఒక్కటే అడిగినంతకాలం పచ్చికకే విలువ దక్కుతుంది. నీటికి ఎంత నీడ, ఆ నీడ ఎవరిపై, ఏ వేళ పడింది అని అడిగినప్పుడు జమ్మిచెట్టుకు, చలివేంద్రానికి, సాదా పైకప్పుకు వాటి స్థానం దక్కుతుంది. చెట్టు నీడ పనివేళల చట్టాన్ని భర్తీ చేయలేదు, చట్టం ఇచ్చిన విరామాన్ని మాత్రం సార్థకం చేయగలదు. పెరుగుతున్న ఎండల్లో ఎడారి పారిశ్రామికవాడకు తగిన రూపకల్పన బస్సు దిగే చోటినుండి పనిచేసే చోటివరకు శ్రామికుడు నడిచే దారితో మొదలుకావాలి.